సరిహద్దుకు అటూ ఇటూ ఒకే మలేరియా: ఒకవైపు మాత్రమే మందు కొడితే ఫలితం ఉంటుందా?

ప్రశ్న: గెడ్డ ఒడ్డు మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం.

నేను అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక గూడెంలో 7 సంవత్సరాలుగా ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. మా గూడెంలో 42 గడపలున్నాయి. బడి వెనుక గెడ్డ (కొండవాగు) దాటి పది నిమిషాలు నడిస్తే కొరాపుట్ జిల్లాకు చెందిన మరో గూడెం వస్తుంది. రెండు చోట్లా ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒరియానే. పెళ్లి సంబంధాలు, వారపు సంత, పోడు పనులు అన్నీ కలిసే సాగుతాయి.

మా వైపు మే నెలాఖరులో దోమల మందు పిచికారీ చేశారు. అవతలి గూడెంలో అదే పని ఆగస్టులో, అది కూడా సగం ఇళ్లకే జరిగిందని అక్కడివాళ్లు చెప్పారు. మా ఇళ్లలో ఉన్న దోమతెరలు నాలుగేళ్ల కిందట ఇచ్చినవి. నవంబరు, డిసెంబరు నెలల్లో మా బడిలోని 31 మంది పిల్లల్లో తొమ్మిది మందికి జ్వరం వచ్చింది. ఆశా కార్యకర్త వేలి నుంచి రక్తపు చుక్క తీసి కిట్‌తో పరీక్షిస్తే ఆరుగురికి మలేరియా అని తేలింది. మూడో తరగతి చదివే ఒక పాపకు అక్టోబరులో ఒకసారి, డిసెంబరులో మరోసారి వచ్చింది. రెండోసారి జ్వరం వచ్చిన రోజు మధ్యాహ్న భోజనం వరకు ఆ పిల్ల ఆడుకుంటూనే ఉంది. పళ్లెం కడిగి వస్తూ వస్తూ గుమ్మంలో కూలబడిపోయింది. బడిలో ఉన్న రెండు గోనె సంచులు, నా తువ్వాలు కప్పినా వణుకు ఆగలేదు. ఆ పాప పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నా సందేహాలు ఇవి. ఒకే గెడ్డకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో ఒక్కో ఊరికి ఒక్కో నెలలో మందు కొడితే ప్రయోజనం ఉంటుందా? అవతలి గూడెంలో పెట్టిన శిబిరంలో జ్వరం లేని పిల్లలకు కూడా మలేరియా ఉందని చెప్పి మాత్రలు ఇచ్చారట. ఆడుతూ పాడుతూ తిరిగే బిడ్డకు మందు మింగించాలా అని మావాళ్లు భయపడుతున్నారు, వాళ్లకు ఏమి చెప్పాలి? చివరిగా, మా బడి గోడకు అతికించిన పోస్టరులో కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, పూలకుండీలు తొలగించమని ఉంది. మా గూడెంలో ఇవేవీ లేవు. మరి నా స్థాయి ఉపాధ్యాయుడు చేయగలిగినది ఏమిటి?

జవాబు 1: విశ్రాంత సబ్‌యూనిట్ అధికారి

మాస్టారూ, నేను మలేరియా విభాగంలో మూడు దశాబ్దాలకు పైగా ఏజెన్సీలోనే పనిచేసి పదవీ విరమణ చేశాను. మీ మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతాను. ఒకవైపు మాత్రమే మందు కొట్టినా కొంత మేలు జరుగుతుంది, కానీ ఆ మేలు నిలవదు.

ఎందుకో అర్థం కావాలంటే గోడకు మందు ఎందుకు కొడతామో ముందు తెలియాలి. రోగి రక్తం తాగిన వెంటనే దోమ ఆ జబ్బును ఇంకొకరికి అంటించలేదు. మలేరియా క్రిమి దాని కడుపులో పెరిగి, లాలాజల గ్రంథులకు చేరడానికి మన వాతావరణంలో సుమారు 10 నుంచి 12 రోజులు పడుతుంది. ఈలోగా ఆ ఆడదోమ రెండు మూడు రోజులకొకసారి రక్తం తాగుతుంది, తాగిన ప్రతిసారీ బరువెక్కిన కడుపుతో దగ్గరలోని గోడ మీద వాలి సేదతీరుతుంది. అంటే జబ్బు అంటించే వయసు వచ్చేలోపు అది కనీసం నాలుగుసార్లు ఏదో ఒక గోడ మీద కూర్చుంటుంది. ఆ గోడల్లో ఎక్కువ భాగానికి మందు ఉంటే దానికి పన్నెండో రోజు రాదు. మధ్యలో మందు లేని ఇళ్లు, తాళం వేసిన వంటిళ్లు ఉంటే అవే దానికి ఆశ్రయమవుతాయి. మీకు పది నిమిషాల నడక దూరంలో ఒక గూడెం మొత్తం అలా ఉంటే, మీ ఊరికి మందు కొట్టి తలుపు తెరిచి ఉంచినట్టే.

ఇక తేదీల సంగతి. ఇప్పుడు వాడే సింథటిక్ పైరెత్రాయిడ్ మందు గోడ మీద సుమారు పది వారాలు పనిచేస్తుంది. మే నెలాఖరులో కొట్టినది ఆగస్టు మధ్యకు తీరిపోతుంది. మీ పిల్లలకు జ్వరాలు వచ్చింది నవంబరులో. కాబట్టి మీరు అడగవలసిన అసలు మాట, రెండో విడత పిచికారీ మీ గూడేనికి జరిగిందా, జరిగితే ఎప్పుడు, ఎన్ని గదులకు అని. ఎన్ని ఇళ్లకు అని మాత్రమే అడగకండి. వీధి గోడకు కొట్టి ఇల్లు అయిపోయిందని రాసుకునే అలవాటును నేను కళ్లారా చూశాను. మనిషి పడుకునే గది, పశువుల శాల, చూరు లోపలి భాగం తడిస్తేనే అది లెక్క. పంపు కొట్టే మనిషి గోడకు మూర దూరంలో నిలబడి పైనుంచి కిందికి సమంగా కొట్టాలి. గోడ తడవాలి, మందు కారకూడదు.

మరొక విషయం నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరూ చెప్పలేదు, గూడెమే నేర్పింది. ఒక ఏడాది ఒక గూడేనికి నూటికి నూరు శాతం పిచికారీ చేయించి చాలా సంతోషపడ్డాను. వారం తర్వాత తనిఖీకి వెళ్తే ప్రతి గోడా ఎర్రమట్టితో, అంచున తెల్లసుద్ద గీతతో కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. పండుగకు ఇళ్లు అలుక్కున్నారు. మేము కొట్టిన మందంతా ఆ మట్టి పూత కిందకు వెళ్లిపోయింది. వాళ్ల తప్పేమీ లేదు, పండుగ ఎప్పుడో అడగకుండా వచ్చింది మేమే. ఆ తర్వాత నేను ఊరి పెద్దను అడిగి, గోడలు అలికిన వారానికే పంపులు దించేలా ప్రణాళిక రాసుకునేవాడిని. మీ గూడెం పండుగల తేదీలు మీకు తెలుసు, వాటిని పి.హెచ్.సి.కి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) ముందుగా రాసి ఇవ్వండి. సిబ్బంది వచ్చే రోజు రెండు రోజుల ముందే పిల్లల ద్వారా ఇంటింటికీ తెలియజేయండి. పొద్దున్నే అందరూ పోడుకు వెళ్లిపోతే పది గంటలకు వచ్చే సిబ్బందికి తాళాలే కనిపిస్తాయి.

దోమతెరల విషయానికి వస్తే, మందు కలిపి తయారుచేసిన తెర సాధారణంగా మూడేళ్లు, లేదా 20 ఉతుకుల వరకు పనిచేస్తుంది. మీ ఊరివి నాలుగేళ్ల నాటివి కాబట్టి కొత్తవాటికి అర్జీ పెట్టడం సబబే. అయితే చిరుగులు కుట్టుకుని వాడితే పాత తెర కూడా అడ్డుగోడగా పనికొస్తుంది. పంట కాపలాకు పోడులో మంచె మీద పడుకునేవాళ్లు తెరను ఇంట్లో వదిలి వెళ్తారు. దోమకు మాత్రం ఇల్లూ ఒకటే, మంచే ఒకటే.

జవాబు 2: కీటకశాస్త్ర విద్యార్థిని

పెద్దవారు పిచికారీ గురించి చెప్పినదానికి నేను దోమ వైపు నుంచి కొంత చేరుస్తాను.

మీ పోస్టరు తప్పు కాదు, అది వేరే దోమ గురించి. టైర్లు, కుండీలు, కొబ్బరి చిప్పల్లో పెరిగేది డెంగీని అంటించే ఏడిస్. అది ఎక్కువగా పట్టణాల సమస్య. మలేరియాను అంటించేది అనాఫిలిస్ జాతి. మీ కొండల్లో ముఖ్యంగా రెండు రకాలు ఉన్నాయి. అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ గట్ల వెంట గడ్డి పెరిగి, నెమ్మదిగా పారే తేట నీటి గెడ్డల్లో, మెట్ల పొలాల్లో ఊరే నీటిలో గుడ్లు పెడుతుంది. అది మనిషి రక్తాన్నే ఎక్కువగా కోరుకుంటుంది, రాత్రి పొద్దుపోయాక ఇంట్లోకి వచ్చి కుడుతుంది. రెండోది క్యూలిసిఫేసిస్. అది గుంటల్లో, ఇసుక మడుగుల్లో, వరి మళ్లలో పెరుగుతుంది, పశువుల రక్తం ఎక్కువగా తాగుతుంది, కానీ సంఖ్య పెరిగినప్పుడు మనుషులకూ ముప్పు తెస్తుంది. క్యూలిసిఫేసిస్ డి.డి.టి.కి, మలాథియాన్‌కు ఎప్పుడో అలవాటు పడింది, చాలాచోట్ల పైరెత్రాయిడ్లకు కూడా లొంగడం తగ్గింది. ఫ్లూవియాటిలిస్ ఇప్పటికీ చాలావరకు లొంగుతుంది. మీ ప్రాంతంలో గోడకు కొట్టే మందుకు ఇంకా విలువ ఉన్నది అందుకే.

వానలు ఉధృతంగా ఉన్నప్పుడు గెడ్డ ప్రవాహంలో పిల్లదోమలు కొట్టుకుపోతాయి. వానలు తగ్గి నీరు తేటపడ్డాక ఫ్లూవియాటిలిస్ పుంజుకుంటుంది. సరిగ్గా అదే కాలంలో మీ వైపు కాఫీ పండ్ల కోతలు, వరి కోతలు, అవతలి నుంచి ఇవతలికి కూలీల రాకపోకలు ఉంటాయి. మీ జ్వరాలు నవంబరులో రావడంలో వింత లేదు. గెడ్డలో మందు కలపడం సాధ్యమూ కాదు, మంచిదీ కాదు, ఆ నీరే తాగుతారు. కానీ ఊరికి ఆనుకుని ఉన్న కొంత మేర గట్టు గడ్డి కోసి, నీరు నిలిచే పక్క మడుగులను పూడ్చి ప్రవాహానికి కలపడం నలుగురు పూనుకుంటే ఒక పూట పని. ఇది పిచికారీకి ప్రత్యామ్నాయం కాదు, తోడు మాత్రమే.

సరిహద్దు గురించి ఒక చారిత్రక విషయం చెప్పాలనిపిస్తోంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేంతవరకు జయపురం సంస్థానం, నేటి కొరాపుట్ సహా, మద్రాసు రాష్ట్రపు విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఆ కొండల మలేరియా మీద పెర్రీ అనే వైద్యాధికారి 1914లోనే అధ్యయనం ప్రచురించాడు. అప్పటికి అది ఒకే జిల్లా జబ్బు. తర్వాత గీత పడింది, కార్యాలయాలు విడిపోయాయి, రిజిస్టర్లు రెండు భాషల్లోకి మారాయి. గెడ్డలో పెరిగే దోమ మాత్రం 1914లో ఉన్నట్టే ఉంది.

ఇలాంటి చోట ఏమి చేయవచ్చో చూపిన ఉదాహరణ ఆఫ్రికాలో ఉంది. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్ రాష్ట్రం దశాబ్దాలుగా పిచికారీ చేస్తున్నా, ఎల్ల అవతల మొజాంబిక్‌లో ఆ పని లేకపోవడంతో జబ్బు మళ్లీ మళ్లీ లోపలికి వచ్చేది. 1999లో మొజాంబిక్, దక్షిణాఫ్రికా, స్వాజిలాండ్ మూడు దేశాలూ లుబొంబో ఒప్పందం చేసుకున్నాయి. 2000 నుంచి మొజాంబిక్ దక్షిణ భాగంలో కూడా ఇంటింటి పిచికారీ మొదలైంది, దానితోపాటు ఆర్టెమిసినిన్ కలిసిన కొత్త మందులు వచ్చాయి. కొన్ని సంవత్సరాల్లోనే క్వాజులు-నాటాల్‌లో కేసులు 90 శాతానికి పైగా పడిపోయాయి. పొరుగువారి గోడలకు మందు కొట్టడానికి డబ్బు పెట్టడం తమ పిల్లలను కాపాడుకోవడమేనని వాళ్లు గ్రహించారు. మనది రెండు దేశాల వ్యవహారం కూడా కాదు, ఒకే దేశంలో రెండు రాష్ట్రాలు. ఇంత తేలికైన చోట తేదీలు కలవకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

జవాబు 3: రాయగడ తెలుగువాడు

నేను రాయగడలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందినవాడిని, ఆరోగ్య శిబిరాల్లో స్వచ్ఛందంగా పనిచేశాను. మీరు చెప్పిన శిబిరం బహుశా దమన్ కార్యక్రమంలో భాగం. దుర్గమ ప్రాంతాల్లో మలేరియా నిర్మూలన కోసం ఒడిశా ప్రభుత్వం 2017లో దానిని మొదలుపెట్టింది. ఆ శిబిరంలో జ్వరం ఉందా అని అడగరు. పసిపాప నుంచి ముసలివారి వరకు ఊరందరికీ వరుసగా రక్తం పరీక్షించి, క్రిమి కనిపించినవారికి అక్కడికక్కడే చికిత్స మొదలుపెడతారు.

జ్వరం లేకుండా మలేరియా ఎలా ఉంటుందనే అనుమానం మొదట్లో నాకూ ఉండేది. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ జబ్బుపడినవారి శరీరం క్రిమిని పూర్తిగా తొలగించలేకపోయినా అదుపులో పెట్టడం నేర్చుకుంటుంది. అప్పుడు జ్వరం రాదు, క్రిమి మాత్రం రక్తంలో ఉంటుంది, కుట్టిన దోమకు అందుతూ ఉంటుంది. ఆ బిడ్డ ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపించినా లోపల రక్తం తగ్గిపోతుంది. కనురెప్ప కిందికి లాగి చూస్తే పాలిపోయి ఉంటుంది, చదువులో చురుకు ఉండదు. మీ గూడెం తల్లులకు ఈ కనురెప్ప సంగతి చూపించి చెప్పండి, మాటలకంటే అది బాగా అర్థమవుతుంది.

ఒడిశాలో 2016లో 4 లక్షల 40 వేలకు పైగా మలేరియా కేసులు నమోదయ్యాయి, 2018 నాటికి అవి సుమారు 66 వేలకు తగ్గాయి. శిబిరాలతోపాటు పెద్దయెత్తున పంచిన దోమతెరలు, పిచికారీ, ఆశా కార్యకర్తల చేతికి ఇచ్చిన కిట్లు, మాత్రలు అన్నీ కలిసి ఈ ఫలితాన్నిచ్చాయి. ఛత్తీస్‌గఢ్ కూడా 2020లో బస్తర్‌లో ఇదే పద్ధతిలో ఇంటింటి పరీక్షలు చేపట్టింది. కొన్నేళ్ల తర్వాత ఒడిశాలో కేసులు మళ్లీ పెరిగాయని కూడా నిజాయితీగా చెప్పాలి. తగ్గిన చోట పట్టు సడలిస్తే మలేరియా తిరిగి రావడం ఈ దేశానికి కొత్త కాదు. 1965లో దేశమంతటా లక్ష కేసులకు దిగిన జబ్బు 1976లో 64 లక్షలు దాటింది. శ్రీలంకలో 1963లో 17 కేసులే మిగిలాయి, 1968, 69 సంవత్సరాల్లో అయిదు లక్షలు దాటాయి. ఆ దేశం మళ్లీ మొదటి నుంచి కష్టపడి 2016లో మలేరియా లేని దేశంగా ధ్రువీకరణ పొందింది.

నా అభిప్రాయం ఒకటి. శిబిరం అవతలి గూడెంలో జరిగే రోజునే ఇవతలి గూడెంలో కూడా పరీక్షలు జరగాలి. లేకపోతే అత్తవారింట్లో శుభ్రమైన రక్తం పుట్టింటికి రాగానే మళ్లీ కలుషితమవుతుంది.

జవాబు 4: పి.హెచ్.సి. నర్సు

మాస్టారు గారూ, ఆ పాప గురించి ఒక్క మాట. రెండుసార్లూ వచ్చినది ఏ రకం మలేరియానో ఆశా కార్యకర్త దగ్గరి కార్డులో చూడండి. వైవాక్స్ అయితే క్రిమి కాలేయంలో నిద్రాణంగా దాక్కుని, దోమ మళ్లీ కుట్టకపోయినా వారాల తర్వాత, నెలల తర్వాత తిరిగి లేస్తుంది. దానిని వేళ్లతో సహా తీసేయడానికే క్లోరోక్విన్ మూడు రోజులతోపాటు ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తాం. మూడో రోజుకు జ్వరం తగ్గగానే ఇళ్లలో మాత్రలు ఆపేస్తారు. నేను చూసిన తిరగబెట్టిన కేసుల్లో చాలావాటికి కారణం ఇదే. ఫాల్సిపేరం అయితే ఆర్టెమిసినిన్ కలిసిన మందులు మూడు రోజులు, ప్రైమాక్విన్ ఒకే మోతాదు ఇస్తాం. అది రెండు నెలల తర్వాత వచ్చిందంటే ఎక్కువగా కొత్తగా కుట్టించుకున్నదే అనుకోవాలి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. గిరిజనుల్లో కొందరికి జి-6-పి.డి. అనే ఎంజైము లోపం ఉంటుంది, వారికి ఈ మాత్ర వల్ల రక్తకణాలు చిట్లుతాయి. మూత్రం నల్లగా వచ్చినా, కళ్లు పచ్చబడినా, పిల్ల నీరసపడినా వెంటనే మాత్ర ఆపి ఆసుపత్రికి తీసుకురండి. ఖాళీ కడుపుతో ఇవ్వవద్దు. ఇంకొకటి, ఫాల్సిపేరంకు చికిత్స పూర్తయ్యాక కూడా కొన్ని వారాల వరకు కిట్‌లో గీత కనిపించవచ్చు. దాన్ని చూసి మందు పనిచేయలేదని అనుకోవద్దు, రక్తపూత తీయించి సూక్ష్మదర్శినిలో చూపించండి.

ప్రశ్న అడిగినవారి స్పందన: గెడ్డ ఒడ్డు మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు వచ్చిన మూడు వారాల్లో ఏమి జరిగిందో చెప్పడం నా బాధ్యత.

కార్డు చూశాం. పాపకు రెండుసార్లూ వైవాక్సే. మొదటిసారి ప్రైమాక్విన్ అయిదు రోజులే మింగింది, మిగిలిన మాత్రలు ఇంట్లో చూరులో చుట్టి పెట్టి ఉన్నాయి. వాళ్ల అమ్మ ఆ సంగతి దాచలేదు, జ్వరం మళ్లీ వస్తే పనికొస్తాయని భద్రపరిచానని చెప్పింది. వైద్యాధికారి పరీక్షించి చికిత్స మొదటి నుంచి మొదలుపెట్టారు.

ఆదివారం మా ఊరి పెద్ద, ఆశా కార్యకర్త, నేను కలిసి గెడ్డ దాటి అవతలి గూడేనికి వెళ్లాం. అక్కడి ఆశా దీదీ కూడా మా గూడెం ఆడపడుచేనని అప్పుడే తెలిసింది. ఇద్దరూ ఎవరి ఇంటివాళ్లు ఎటు వెళ్లి ఎన్ని రోజులు ఉంటారో ఒకరి రిజిస్టరు ఒకరు చూసుకున్నారు. రెండు ఊళ్ల పండుగలు, ఇళ్లు అలికే రోజులు, కాఫీ కోతల రోజులు ఒకే కాగితం మీద రాసి, కింద ఇద్దరు ఊరి పెద్దల వేలిముద్రలు వేయించి, తెలుగులో ఒక ప్రతి మా వైద్యాధికారికి, ఒరియాలో ఒక ప్రతి అవతలి వైద్యాధికారికి అందజేశాం. వచ్చే విడత పిచికారీ రెండు వైపులా ఒకే వారంలో జరపాలని కోరాం. మా వైద్యాధికారి అవతలివారితో ఫోనులో మాట్లాడారు. రాతపూర్వకంగా ఇంకా ఏమీ రాలేదు, సంత రోజున మళ్లీ వెళ్లి అడుగుతాను.

పాప మాత్ర ఇప్పుడు బడిలోనే, మధ్యాహ్న భోజనం తర్వాత నా ఎదుట వేసుకుంటోంది. సెలవు రోజున నేనే ఇంటికి వెళ్తున్నాను. నల్లబల్ల మూలలో తనే రోజుకొక గీత గీస్తోంది. ఇవాళ తొమ్మిదో గీత గీసింది.